రెండడుగుల సాక్షి

మా పరికరం లోకంలో అన్నిటికంటే ముందు కనిపెట్టింది మా అమ్మ రోలు.

మూడేళ్ళు ప్రయోగశాలలో కుస్తీ పట్టి తయారుచేసిన బండిని ఒక ఆదివారం ఇంటికి తెచ్చి పెరట్లో తోసి చూస్తున్నాను. చూడ్డానికి చంటిపిల్లల్ని కూర్చోబెట్టి తిప్పే బండిలా ఉంటుంది. కింద పెట్టె, పైన పిడి, పిడి దగ్గర ఒక తెర. జామచెట్టు దాటి నాలుగడుగులు వేశానో లేదో, అప్పటిదాకా నీలంగా ఉన్న తెర మీద గుండ్రంగా ఆకుపచ్చ మరక వచ్చింది. పక్కన అంకెలు: లోతు రెండడుగులు, వయసు ఇరవై ఆరేళ్ళ నాలుగు నెలలు.

"బాపూ, ఇక్కడ ఎప్పుడన్న తవ్వినమా?" అని అడిగాను.

మా నాన్న నరహరి వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. భూమిలో కరెంటు కేబుళ్ళు వేయించే సంస్థలో ముప్ఫై ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. తవ్వకం గురించి తనకు తెలియంది ఉండదని ఆయన నమ్మకం. "ఇల్లు కట్టినంక ఈ పెరట్ల గడ్డపార పెట్టలేదు బిడ్డా. నీ మిషన్‌ల ఏదో తేడా ఉన్నది" అన్నాడు తలెత్తకుండా.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "పెట్టకపోవుడేంది? ఇంట్ల దిగిన మూడో నెల నా రోలు పాతిపెట్టలే? మిక్సీ వచ్చింది, ఇంక ఈ బండరాయి ఎందుకు, కాళ్ళకు తగులుతుందని నువ్వే గుంత తీసినవ్" అంది.

తవ్వితే రోలు నిజంగానే బయటపడింది. అమ్మ దాన్ని కడిగించి మళ్ళీ వంటింటి గుమ్మం పక్కన పెట్టుకుని, ఆ పూట రోటిపచ్చడి చేసి, తినేంతసేపూ నాన్నను ఆటపట్టించింది. నేనైతే ముద్ద మింగుతూ కూడా నవ్వుతూనే ఉన్నాను. బండి పనిచేస్తోంది.

దాని గుట్టు పెద్దదేం కాదు. ఇసుక రేణువు చీకట్లో ఉన్నంతకాలం చుట్టూ ఉన్న రాళ్ళలోంచి వచ్చే సన్నటి రేడియోధార్మికతను కొంచెం కొంచెం కడుపులో దాచుకుంటూ ఉంటుంది. ఒక్కసారి ఎండ తగిలిందా, దాచుకున్నదంతా ఖాళీ. మళ్ళీ మట్టి కప్పితే మళ్ళీ సున్నా నుంచి మొదలు. ప్రతి రేణువులోనూ తాను ఆఖరిసారి ఎండ చూసిన రోజు నుంచి నడిచే గడియారం ఒకటి ఉందన్నమాట. పాత కట్టడాల వయసు తేల్చేవాళ్ళు దీన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు, కాకపోతే మట్టి తీసుకెళ్ళి చీకటి గదిలో వారాల తరబడి కొలవాలి. మేం చేసిందల్లా తవ్వకుండా, పైనుంచే, నడుస్తూ నడుస్తూ కొలవడం. ఇటీవల ఎండ చూసిన మట్టి తెర మీద ఎర్రగా, కొంచెం పాతది పచ్చగా, ఎన్నడూ ఎవరూ కదిలించని మట్టి నీలంగా కనబడుతుంది.

ఆ 'మేం'లో ఈదమ్మ ఉంది. అసలు ఊహ ఆమెదే. నేను మొదట్లో అందరిలాగే భూమిలో గొట్టాలను వెతికే యంత్రం చేద్దామని తిప్పలు పడ్డాను. ఇనుప గొట్టం దొరికేది. ప్లాస్టిక్ గ్యాసు గొట్టం దొరికేది కాదు, సిమెంటు గొట్టం ఒకరోజు దొరికి ఒకరోజు దొరికేది కాదు. పరీక్షల కోసం ప్రయోగశాల వెనక స్థలంలో గుంతలు తీసి గొట్టాలు పూడ్చే పనికి వచ్చిన ముఠాకు మేస్త్రి పల్లపు ఈదమ్మ. పాలమూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చి పాతికేళ్ళుగా మట్టిపని చేయిస్తోంది. యాభై దాటిన మనిషి, పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది.

నేను నాలుగోరోజు కూడా ప్లాస్టిక్ గొట్టం దొరక్క తల పట్టుకుని కూర్చుంటే ఆమె తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.

"గొట్టాన్నెందుకు దేవులాడుతున్నరు మేడం? గొట్టం దానంతటదే భూమిలకు పోతదా? ఎవరో ఒకరు తవ్వి పెడితేనే గద ఉంటది. తవ్విన జాగ దేవులాడుండ్రి. ఒక్కసారి తవ్విన మట్టి మల్ల ఎనకటి లెక్క ఎన్నడు గాదు. నా గడ్డపారకు ఎర్కయితది, మీ మిషన్‌కు ఎర్కగాదా?"

ఆ సాయంత్రమే పాత నమూనా అటకెక్కింది.

మూడేళ్ళలో ఆమెతో చనువు పెరిగింది. ముఠాలో వాళ్ళు చాటుగా ఆమెను పైలం ఈదమ్మ అంటారు. జాగ్రత్త అనడానికి పైలం, పైలం అని రోజుకు వందసార్లు అంటుంది మరి. డ్రాయింగు ఏం చెప్పినా సరే, ముందు చేత్తో ఒక చిన్న గుంత తీసి చూడనిదే జేసీబీని దగ్గరికి రానివ్వదు. కాంట్రాక్టర్లు విసుక్కుంటారు. ఆమె విననట్టే ఉంటుంది. ఎందుకలాగ అని ఒకసారి అడిగితే చేతిలోని పార పక్కన పెట్టింది.

"పదహారేండ్లాయె మేడం. మా ఇంటాయన కుర్మయ్య. పిల్లల దవాఖాన తోవల టెలిఫోను కేబుల్‌కు గుంత తీస్తుండె. రెండడుగులకు మించి పోవద్దని చెప్పిండ్రు, కరెంటు కేబుల్ నాలుగడుగుల కిందున్నదన్నరు. గడ్డపార ఏసిండు, కరెంటు గుంజుకున్నది. అంతే." ఆమె అరచేతులు చూసుకుంది. "తర్వాత ఇచారణ అన్నరు. వాడు చెప్పింది ఇనకుంట నాలుగడుగులు తవ్విండు, వాని తప్పే అని రాసుకున్నరు. మా ఆయన గట్ల తవ్వే మనిషి గాదు."

అంతటితో అయిపోలేదు. ఆ పని చేయించిన సంస్థ కుర్మయ్య ప్రమాదాన్ని పాఠంగా మార్చింది. కొత్తగా పనిలో చేరిన ప్రతి కూలీకీ పొద్దున్నే జాగ్రత్తలు చెప్పే చోట గోడ మీద ఒక బొమ్మ ఉంటుంది. లోతైన గుంతలో నిలబడి గడ్డపార ఎత్తిన మనిషి, కింద 'చెప్పిన లోతు దాటితే ఇదే గతి' అన్న మాట. బొమ్మలో పేరు లేదు కానీ సైట్లలో అందరూ దాన్ని కుర్మయ్య బొమ్మే అంటారు. ఈదమ్మ కూతురు మొదటిసారి పనికి వెళ్ళిన రోజున సూపర్‌వైజరు ఆ బొమ్మ చూపించి, ఇలాంటి తలతిక్క పని చేయకు అని చెప్పాడట. ఆ పిల్ల తట్ట అక్కడే పడేసి ఇంటికి వచ్చేసింది.

"డబ్బులు గిబ్బులు ఏం అడుగుత లేను. ఆ బొమ్మ తియ్యాలె. తప్పు చెయ్యలేదని కాయితం మీద రాయాలె" అంది ఈదమ్మ.

రోలు దొరికిన మూడు నెలలకు మా బండికి మొదటి అసలు పని వచ్చింది. ఆ పిల్లల ఆసుపత్రి రోడ్డులోనే కొత్తగా మంచినీళ్ళ గొట్టం వేస్తున్నారు. సైట్ ఇంజనీరు కృపాకర్ ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, మంచివాడే గానీ ఎప్పుడూ గడియారం చూసుకుంటూ ఉంటాడు. పని మొదలయ్యే ముందు కింద ఏమున్నాయో చూసిపెట్టమని మమ్మల్ని అడిగాడు. మట్టిపని ఈదమ్మ ముఠాది. ఆ పని కోసం ఆమె ఎక్కడెక్కడ తిరిగి ఎవరెవరిని పట్టుకుందో నాకు తర్వాత తెలిసింది.

పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రి గోడ పక్కన బండి తోయడం మొదలుపెట్టాను. ఈదమ్మ నా పక్కనే నడుస్తోంది. ఆమె కళ్ళు తెర మీద ఉన్నాయి. ముందు ఒక పచ్చ గీత కనబడింది. వయసు ఇరవై రెండేళ్ళు. కరెంటు కేబుల్ వేసిన గుంత అది. ఇంకొంచెం ముందుకు పోతే దాని పక్కనే ఎర్రటి గీత. వయసు పదహారేళ్ళ రెండు నెలలు.

ఈదమ్మ ఆగిపోయింది. "ఇదే మేడం. ఇది మా ఆయనదే."

లోతు చూశాను. తెర మీద కనిపించిన అంకె నాకు నచ్చలేదు. బండిని వెనక్కి లాగి మళ్ళీ తోశాను. అదే అంకె. గుంత అడుగు నాలుగడుగుల లోతులో ఉంది.

విచారణ కాగితంలో రాసింది అక్షరాలా నిజమని మా యంత్రం చెబుతోంది. మూడేళ్ళు నాకు మట్టి గుట్టు నేర్పిన మనిషికి నేను తెచ్చిపెట్టింది ఇదా అనిపించి సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎంత?" అంది ఈదమ్మ.

చెప్పాను. ఆమె ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, తెర దగ్గరికి వంగి, చాలాసేపు ఆ ఎర్ర గీతనే చూసింది. తర్వాత వేలు పెట్టి, "మరి ఇదేంది?" అని అడిగింది.

ఎర్ర గీత మధ్యలో నిలువుగా ఒక నీలం ముద్ద ఉంది. నేను దాన్ని ఏ బండరాయో అనుకుని వదిలేశాను. ఆమె బండిని ముందుకు తోయమంది. ఇరవై అడుగులు పోయాక ఇంకో నీలం ముద్ద. ఇంకో ఇరవైకి ఇంకొకటి.

ఈదమ్మ రోడ్డు మీద అక్కడికక్కడే చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "సాక్షులు మేడం. మా ఆయన ఇడిసిన సాక్షులు" అంది.

మట్టిపని కూలి లోతును బట్టి కొలుస్తారు. గుంతంతా తవ్వేస్తే మొదట నేల ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? అందుకని తవ్వేవాళ్ళు అక్కడక్కడా మధ్యలో ఒక మట్టి దిమ్మను ముట్టుకోకుండా వదిలేస్తారు. దాని తల మీద గడ్డి కూడా అలాగే ఉంచుతారు, తర్వాత మట్టి వేసి ఎత్తు పెంచారని ఎవరూ అనకుండా. కొలిచేవాడు వచ్చి దిమ్మ తల నుంచి అడుగుదాకా టేపు పెట్టి లోతు రాసుకుంటాడు. కొలత అయ్యాకే దాన్ని కొట్టేస్తారు. దాన్నే వాళ్ళు సాక్షి అంటారు.

"ఆ రోజు కొలవనే లేదు. మనిషి పోయినంక గంటల్నే మట్టి నూకి పూడ్చిండ్రు. సాక్షులు అట్లనే ఉండిపొయినయి" అంది. తర్వాత నా మొహంలోకి చూసి, అమాయకురాలికి చెప్పినట్టు చెప్పింది. "మీరు ఏడికెల్లి కొలిచిండ్రు? ఈ రోడ్డు మీదికెల్లి గద? వానలకు మునుగుతున్నదని తొమ్మిదేండ్ల కింద ఈ రోడ్డును మట్టి పోసి లేపిండ్రు. పాత నేల ఇది గాదు. సాక్షి తలకాయ కాడికెల్లి కొలువుండ్రి."

నేను పైపొరలో తొమ్మిదేళ్ళ మట్టిని చూశాను. పాత రోడ్డును పెకిలించి మళ్ళీ వేశారనుకున్నాను. పోసి ఎత్తు పెంచారన్న ఆలోచనే రాలేదు. ఇంత చదువు చదివి, కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియని దాన్నయ్యాను. దిమ్మ తల మీద గుర్తు పెట్టి అడుగుదాకా లెక్కించాను. తల ఇప్పటి రోడ్డుకు రెండడుగుల కింద ఉంది. అడుగు నాలుగడుగుల కింద. దిమ్మ ఎత్తు రెండడుగులు. మూడు దిమ్మలూ అంతే. మొత్తం గీతలో ఎక్కడా అంతకంటే కిందనున్న మట్టి ఆ ఏడు ఎండ మొహం చూడలేదు.

ఆనందంతో నేను ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఆసుపత్రికి వచ్చేపోయే జనం మమ్మల్ని వింతగా చూశారు.

అయితే ఒక ప్రశ్న మిగిలింది. రెండడుగులే తవ్విన మనిషి గడ్డపార నాలుగడుగుల కిందనున్న కేబుల్‌కు ఎలా తగిలింది? ఎర్ర గీత ఎక్కడ ఆగిపోయిందో అక్కడిదాకా బండిని తోశాను. సరిగ్గా ఆ చోట పచ్చ గీత పక్కకు ఒరిగి, ఎర్ర గీతకు అడ్డంగా పైకి లేచింది. కింద వెడల్పుగా, గట్టిగా, పుట్టినప్పటి నుంచి ఎండ తెలియని ముదురు నీలం. నల్లరాతి బండ. కేబుల్ గుంత ఆ బండ మీదికెక్కి అరవై అడుగుల మేర పాత నేలకు అడుగున్నర లోతులోనే పోయింది.

కృపాకర్ వచ్చి విన్నాడు. అతనికి ఇది ఇంకోలా అర్థమైంది. "రోడ్డు రెండడుగులు లేపారంటే మంచిదే కదా మేడం. డ్రాయింగు ప్రకారం కేబుల్ ఇప్పుడు ఆరడుగుల కిందున్నట్టు. మిషన్‌తో ఐదడుగుల దాకా దర్జాగా పోవచ్చు."

"నా తెర మీద మూడున్నరకే ఉంది" అన్నాను.

"మీది ఇంకా టెస్టింగే కదా. ఇది సంతకమున్న డ్రాయింగు." బ్యాగులోంచి కాగితం తీసి జేసీబీ ముందు చక్రం మీద పరిచాడు. బండ ఉన్న ఆ అరవై అడుగుల మేర కూడా గీత తిన్నగా నాలుగడుగుల దగ్గరే ఉంది. కింద మూల సంతకం చూశాను. చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డుల మీద ఎన్నిసార్లు చూశానో ఆ సంతకాన్ని. యన్. నరహరి.

ఒక్కరోజు పని ఆపి, మర్నాడు కరెంటు ఆపించి చేత్తో తవ్వి చూద్దామని కృపాకర్‌ను బతిమాలి ఒప్పించాను. ఈదమ్మ నా మొహం చూసి ఏదో గ్రహించింది కానీ ఏమీ అడగలేదు. జేసీబీ డ్రైవరుకు మాత్రం చెప్పింది, "ఇయ్యాల ఈ బండి కదిలితే నా మీదికెల్లి కదలాలె." డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకుని టీ తాగడానికి పోయాడు.

దారి పొడుగునా నా బుర్రలో ఒకటే రొద. ఎవరికీ తెలియదు. ఫలితం ఇంకా ఖాయం కాలేదని ఒక్క ముక్క రాస్తే చాలు, కృపాకర్ సంతోషంగా నమ్ముతాడు, గొట్టాన్ని పక్కకు జరిపించి ప్రమాదం కూడా తప్పించవచ్చు. నాన్న పేరు బయటికి రాదు. కుర్మయ్య బొమ్మ గోడ మీదే ఉంటుంది. ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి నా మీద నాకే అసహ్యం వేసేది.

ఇంటికెళ్ళేసరికి నాన్న కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు. ఫోనులో తీసిన తెర బొమ్మ ఆయన ముందు పెట్టాను. ఆయనకు వివరించాల్సిన పని లేకపోయింది. పచ్చ గీత పైకి లేచిన చోట వేలు పెట్టి, నీళ్ళ మగ్గు కింద దించాడు.

"బండ తగిలింది బిడ్డా" అన్నాడు. "పేలుద్దామంటే పక్కనే దవాఖాన. రాయి కోసే మిషన్ వచ్చినంక లోతు చేద్దామని, అప్పటిదాంక బండ మీదనే పండబెట్టిన. డ్రాయింగు మాత్రం అంతా నాలుగడుగులని గీసిన. ఎట్లైన చేస్తం గద అని. ఉండాల్సింది గీసిన, ఉన్నది గియ్యలే. మిషన్ రాలే. నన్ను ఇంకో సైటుకు పంపిండ్రు. మర్చిపోయిన."

"కుర్మయ్య చనిపోయినప్పుడు కూడా మర్చిపోయినవా?"

ఆయన నా వైపు చూడలేదు. "విచారణకు పిలిచిండ్రు. ఈ సంతకం నీదేనా అన్నరు. ఔనన్న. ఇంకేం అడగలే. నేను చెప్పలే."

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "ఆ ఏడే సైట్లు ఇడిసిపెట్టి ఆఫీసుల కూసుంటనన్నవ్. బీపీ అని చెప్పినవ్ నాకు" అంది. ఆయన మీద అరుస్తుందనుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అది అరుపు కంటే గట్టిగా తగిలింది ఆయనకు.

నాకు కోపంగా ఉంది. ఆయనంటే నాకు ప్రాణం, అందుకే ఇంకా కోపంగా ఉంది. "రేపు పదింటికి కరెంటు ఆపించి అక్కడ చేత్తో తవ్వి చూస్తరు. నేను నా కొలతలన్నీ రాసి సంతకం పెట్టి ఇస్త. నీ పేరు అందుల ఉంటది బాపూ. ముందుగల్ల నీకు చెప్తున్న, అంతే" అన్నాను. ఆయన తలూపాడు. ఆ రాత్రి ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో తిన్నాం.

పొద్దున నేను బయల్దేరేసరికి నాన్న ఇంట్లో లేడు.

సైటుకు వెళ్ళి చూస్తే ఆసుపత్రి గోడ పక్కన బూట్లేసుకుని నిలబడి ఉన్నాడు. కృపాకర్ ఆయనతో మాట్లాడుతూ నన్ను చూసి బిత్తరపోయాడు. నేను ఈదమ్మ దగ్గరికెళ్ళి, ఆయన మా నాన్నేననీ, డ్రాయింగు గీసింది ఆయనేననీ చెప్పేశాను. ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. "పని కానియ్యి, తర్వాత జూద్దాం" అంది. ఎవరితో అందో నాకు తెలియలేదు.

పది గంటలకు కరెంటు వాళ్ళు లైను ఆపి, ఆపినట్టు కాగితం ఇచ్చారు. పన్నెండింటికి మళ్ళీ ఇవ్వాలి. ఆసుపత్రిలో జనరేటరు మోగడం మొదలైంది. జేసీబీ పైనున్న రెండడుగుల పోత మట్టిని మాత్రం గీకి పక్కకు తప్పుకుంది. ఆ తర్వాత ఈదమ్మ చెయ్యెత్తింది.

"గడ్డపారలన్నీ అవతల పెట్టుండ్రి. ఒక్కటి గూడ ఈడ కనబడొద్దు. పార అడ్డంగ గీకుండ్రి, గుచ్చొద్దు. పైలం."

లైను ఆపిన కాగితం చేతిలో ఉన్నా ఆమె రబ్బరు తొడుగులు వేసుకుంది. ముఠాలో ఎవర్నీ దిగనివ్వక తానే దిగింది. ముందు మొదటి సాక్షి బయటపడింది. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి రాలిపోతుంటే అది మాత్రం గట్టిగా, నిటారుగా నిలబడింది. తల మీద ఎప్పుడో ఎండిన గడ్డివేర్లు సన్నటి పొరలా ఉన్నాయి. ఈదమ్మ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల నుంచి అడుగుదాకా టేపు పట్టింది. కృపాకర్ వంగి చదివాడు. రెండడుగులు. అర అంగుళం కూడా ఎక్కువ లేదు. ముఠాలో ఒక పెద్దాయన చేతులు జోడించి దండం పెట్టాడు.

అక్కడ్నుంచి బండ ఉన్న వైపుకు గీక్కుంటూ పోయింది. చివరికి పార పక్కన పెట్టి తాపీతో, ఆ తర్వాత వేళ్ళతో మట్టి తీసింది. పదకొండున్నర దాటాక నల్లటి తొడుగు కనిపించింది. చేతి మణికట్టంత లావు కేబుల్. ఒకచోట, కుర్మయ్య గడ్డపార దిగిన చోట, అతుకు వేసిన ముడి. ఆమె ఆ ముడి మీద చెయ్యి పెట్టకుండా, దాని పక్కన నేల మీద జాన పెట్టి పైకి కొలిచింది. పాత నేల గీత దాకా రెండు జానలు.

"అడుగున్నర" అంది పైకి చూసి. పైనున్న జనమంతా ఒక్కసారిగా గోల చేశారు. ఆ అరుపుల్లో నాది కూడా ఉంది. తెర మీద కనిపించిన ప్రతి అంకె అక్కడ మట్టిలో కళ్ళెదుట ఉంది. ఐదడుగుల దాకా పోతానన్న జేసీబీ పన్ను మూడున్నరకే ఆ కేబుల్‌ను తెంపేసి ఉండేది. కృపాకర్ నిన్న పొద్దున డ్రైవరు కూర్చున్న సీటు వైపే చూస్తున్నాడు.

అప్పుడు నాన్న గుంతలోకి దిగాడు. నేను ఆపేలోపే దిగేశాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, జారుతూ, మట్టిలో చెయ్యి ఆనించి దిగి, ఈదమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఇది నేను పెట్టిన కేబుల్. నాలుగడుగులని నేనే గీసిన. నీ పెనిమిటి పోయిన్నాడు కూడ నాకు తెలుసు, చెప్పలే. నీకు ఏ మొఖంతోని..."

"ముందుగల్ల పైకి రాండ్రి సారు" అంది ఈదమ్మ. "పన్నెండింటికి కరెంటిస్తరు. గుంతల నిలబడి మాట్లాడుడు మంచిగాదు."

ఆయన కదల్లేదు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. పదహారేళ్ళు ఆమె ఎవరిని తిట్టుకుందో ఆ మనిషిని, తొందరపెట్టకుండా, ఎక్కడ కాలు పెట్టాలో చెబుతూ పైకి ఎక్కించింది. తర్వాత తాను ఎక్కి, పనిముట్లన్నీ లెక్కపెట్టి, గుంతలో ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుంది.

"ఇప్పుడు చెప్పుండ్రి" అంది అప్పుడు. "మాఫీ సంగతి నన్నడగకుండ్రి. అది నాతోని ఎప్పుడైతదో నాకే తెల్వది. కాయితం మీద రాయుండ్రి."

నాన్న డ్రాయింగు వెనక్కి తిప్పి, జేసీబీ చక్రం మీద పెట్టి రాశాడు. రాసి చదివాడు. "ఈ చోట కేబుల్ పాత నేలకు అడుగున్నర లోతులో ఉంది. నాలుగడుగులని తప్పుగా గీసింది నేను. కుర్మయ్య తనకు చెప్పిన రెండడుగులు దాటి తవ్వలేదు. అతని తప్పు ఏమీ లేదు."

"పల్లపు కుర్మయ్య అని ఇంటిపేరుతోని రాయుండ్రి."

రాశాడు. సంతకం పెట్టాడు. కృపాకర్ పెట్టాడు. నేను నా కొలతల కాగితాలు జతచేసి పెట్టాను. ఈదమ్మ కూడా పెట్టింది, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి.

ఆ తర్వాత జరిగినవి చాలా ఉన్నాయి. విచారణ మళ్ళీ తెరిచారు, నాన్న మూడుసార్లు వెళ్ళి చెప్పివచ్చాడు, పేపర్లో పేరు పడింది, తెలిసినవాళ్ళు కొందరు ఇంటికి రావడం మానేశారు. అమ్మ నెలరోజులకు గానీ ఆయనతో నోరు విప్పి మాట్లాడలేదు. సంస్థ పాఠాల్లోంచి ఆ బొమ్మ తీసేశారు. ఇప్పుడు నగరంలో ఏ గుంత తవ్వాలన్నా ముందు మా బండి నడవాలి, తవ్వే మేస్త్రి సంతకం లేకుండా మిషన్ దిగకూడదు. అవన్నీ మంచివే. కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే.

"ఇంకోసారి సదువుండ్రి" అంది ఈదమ్మ. "ముఠా అందరికి ఇనబడాలె. జర గట్టిగ."

డ్రైవరు జేసీబీ ఇంజను ఆపాడు. నాన్న నిలబడి రెండోసారి చదివాడు. జనరేటరు మోతలో వెనకున్నవాళ్ళకు సరిగా వినబడలేదు. పన్నెండు కొట్టింది. భూమిలో కేబుల్‌లోకి కరెంటు వచ్చింది. జనరేటరు ఆగిపోయింది.

ఎవరూ అడక్కుండానే నాన్న మూడోసారి చదివాడు.